మా చేపలకు అమ్మవారు పోసిన చలికాలం

మొన్నామధ్య పన్ను పీకించుకోవడానికి గుంటూరులో డాక్టరు గారి దగ్గరికి వెళ్ళాను. నా వంతు వచ్చేదాకా కూర్చోమన్న హాల్లో గోడవారగా పెద్ద గాజు తొట్టి, అందులో రంగురంగుల చేపలు ఉన్నాయి. మా వయసు వాళ్ళకు తెలియంది కాదు, పన్ను సలుపుతున్నప్పుడు ఎదురుగా ఏమున్నా కంటికి ఆనదు. కానీ ఆ చేపల్లో ఒకటి అదే పనిగా అడుగునున్న గులకరాళ్ళ దగ్గరికి దిగి, పక్కకు ఒరిగి, ఒళ్ళు రుద్దుకుని మళ్ళీ పైకి లేస్తుంటే నా ప్రాణం ఊరుకోలేదు. లేచి వెళ్ళి కళ్ళజోడు సవరించుకుని చూశాను. తోక మీద, రెక్కల మీద సన్నటి ఉప్పు రవ్వ చల్లినట్టు తెల్లటి చుక్కలు. కౌంటరు దగ్గరున్న అమ్మాయిని పిలిచి, మీ చేపలకు తెల్లమచ్చల జబ్బు వచ్చిందమ్మా, త్వరగా చూసుకోకపోతే తొట్టి మొత్తానికి పాకుతుంది అని చెప్పాను. ఆ పిల్ల నన్నూ చేపనూ మార్చి మార్చి చూసి, "మీరు ఫిషరీస్‌లో పనిచేశారా ఆంటీ?" అని అడిగింది.

లేదమ్మా అని నవ్వి వచ్చి కూర్చున్నాను గానీ, పన్ను నొప్పి ఎటు పోయిందో, మనసు మాత్రం ముప్పై ఏళ్ళకు పైగా వెనక్కి, చిలకలూరిపేటలో మేం కాపురం పెట్టిన రెండు గదుల అద్దె ఇంటి వసారాలోకి వెళ్ళిపోయింది.

మా ఆయన హైవే మీద ఒక స్పిన్నింగు మిల్లులో ఎలక్ట్రికల్ సూపర్‌వైజరుగా ఉండేవారు. షిఫ్టు దిగి వచ్చేసరికి ఆయన జుట్టు మీద, కనుబొమల మీద పత్తి నూగు మంచులా అతుక్కుని ఉండేది, తల తుడుచుకోనిదే లోపలికి రానిచ్చేదాన్ని కాదు. మా వీధి చివర హైవే. పత్తి బోరాల లారీలు వెళితే వీధంతా తెల్లటి పోగులు ఎగిరేవి, మిరపకాయ టిక్కీ బస్తాల లారీ వెళితే ఇంటింటా తుమ్ములు వినపడేవి. కొత్తలో నాకు అదంతా విడ్డూరంగా ఉండేది, తరవాత ఆ తుమ్ములే లేకపోతే ఏదో వెలితిగా అనిపించే స్థితికి వచ్చాను.

ఆ ఏడాదే మా మామగారు పోయారు. మార్టూరు అవతల పల్లెలో పొలం కౌలుకిచ్చి, పాడి అమ్మేసి, మా అత్తగారిని మా ఆయన మా దగ్గరికి తీసుకొచ్చారు. ఆవిడ అంతకాలం తెల్లవారకముందే లేచి గొడ్ల చావిడి ఊడ్చుకుని, కూలీలను పిలుచుకుని మిరపకోతలకు వెళ్ళి, పొద్దుగూకే వేళకు కళ్ళంలో కాయలు కుప్ప పోయించి ఇంటికొచ్చే మనిషి. మా రెండు గదుల ఇంట్లో ఆవిడ చేతికి పనే లేకుండా పోయింది. నేను చేస్తున్న పని అందుకోబోతే నేను మొహమాటపడి లాగేసుకునేదాన్ని, అదే గౌరవమనుకునేదాన్ని. రోజంతా వసారాలో బల్ల మీద గోడకు ఆనుకుని కూర్చునేది. పలకరిస్తే ఒక మాట, కంచం ముందు పెడితే రెండు ముద్దలు, అంతే. వీధిలో వాళ్ళు వచ్చి పలకరించినా లోపలికి వెళ్ళిపోయేది. మా ఆయన రోజూ తల్లి ముఖంలోకి చూసి బయటికి వెళ్ళిపోయేవారు.

ఆ రోజుల్లోనే మా ఇంటికి చేపల తొట్టి వచ్చింది. మిల్లులో ఆఫీసరొకాయన కోయంబత్తూరు బదిలీ అయి వెళుతూ, గాజు తొట్టిని అంతదూరం మోసుకుపోలేక, ఇంట్లో పెట్టుకోవయ్యా అని మా ఆయనకు ఇచ్చేశారు. ఇద్దరు మనుషులు రిక్షాలో పట్టుకొచ్చి వసారాలో అత్తగారి బల్లకు ఎదురుగా దించారు, వేరే చోటు లేక. వెనక బిందెలో చేపలు వచ్చాయి. రెండు బంగారు చేపలు, నాలుగైదు కాటుక లాంటి నల్ల మోలీలు, మీసాల్లాంటి పొడుగాటి తీగలున్న గౌరామి ఒకటి.

"ఏంట్రా ఇవి?" అంది అత్తగారు.

"చేపలమ్మా."

"చేపలని నాకూ తెలుసు. వండుకోటానిక్కాదా?"

"చూసుకోటానికమ్మా."

"చూసుకునేదేంట్రా చేపల్ని," అని ఆవిడ మొహం అటు తిప్పేసుకుంది. కానీ ఎదురుగా ఉన్న దాన్ని చూడకుండా మనిషి ఎంతసేపని ఉంటుంది? మధ్యాహ్నాలు నేను వంటింట్లోంచి తొంగి చూస్తే ఆవిడ బల్ల చివరికి జరిగి తొట్టిలోకి చూస్తూ కనబడేది. కొన్నాళ్ళకు బల్లే తొట్టి దగ్గరికి జరిగింది. మేత వేసే పని ఎప్పుడు నా చేతిలోంచి ఆవిడ చేతిలోకి వెళ్ళిందో నాకే తెలియదు. ఆవిడ నీడ గాజు మీద పడితే చాలు, అన్నీ పైకి వచ్చి నోళ్ళు తెరిచేవి. వాటికి పేర్లు కూడా పెట్టింది. బంగారు చేపల్లో పెద్దది పెత్తందారు. పొడుగు మీసాలతో ప్రతి మూలా తడిమి చూసే గౌరామి కరణం. మోలీల్లో బొద్దుగా ఉండి ముందుగా మేతకొచ్చేది నల్లపిల్ల. ఒకరోజు భోజనానికి పిలిస్తే, "కరణం ఇవాళ సరిగ్గా తినలేదే," అంటూ వచ్చి పీట మీద కూర్చుని, ఆ మాటల్లో పడి తను మాత్రం కంచం ఖాళీ చేసి లేచింది. నేను వంటింట్లో ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

ధనుర్మాసం వచ్చింది. మాకు చలి ఉండేదే ఆ కొద్ది రోజులు, కానీ ఆ ఏడు తెల్లవారుజామున హైవే మీద లారీల లైట్లు కూడా కనపడనంత మంచు కురిసింది. సరిగ్గా అప్పుడే మా ఆయన పని మీద గుంటూరు వెళ్ళి, అమ్మకు సంతోషంగా ఉంటుందని పాలిథిన్ కవరులో నీళ్ళు పోయించి ఒక జత ఏంజెల్ చేపలను తెచ్చారు. వెండి రేకుల్లా మెరుస్తున్న వాటిని చూసి ముగ్గురం మురిసిపోయి, కవరు విప్పి తిన్నగా తొట్టిలో వదిలేశాం. కొత్తవాటిని కొన్నాళ్ళు విడిగా ఉంచి చూసుకోవాలని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు.

కొద్ది రోజులకు అత్తగారే ముందు కనిపెట్టింది. కొత్త చేప రాళ్ళకేసి ఒళ్ళు రుద్దుకుంటోంది, దానికేదో దురద పుట్టిందమ్మాయ్ అంది. నేను పెద్దగా పట్టించుకోలేదు. మర్నాటికి దాని రెక్కల మీద తెల్లటి చుక్కలు తేలాయి. ఆ మర్నాటికి నల్లపిల్ల ఒంటి మీద కూడా, నల్లగుడ్డ మీద బొంబాయి రవ్వ ఒలికినట్టు. అది తోక ముడుచుకుని ఓ మూల ఊరికే ఊగుతోంది. అత్తగారు గాజుకు ముఖం ఆనించి చాలాసేపు చూసింది. తరవాత చెప్పులు వేసుకుని, మా ఇంటికొచ్చాక మొట్టమొదటిసారి తనంతట తాను వీధిలోకి నడిచి, ఎక్కణ్ణుంచో వేపమండలు కోసుకొచ్చింది. తొట్టి మూత మీద పరిచింది. అంచులకు పసుపు రాసింది. నా దగ్గరికొచ్చి, "చేపలకి అమ్మవారు పోసిందమ్మాయ్. ఇంట్లో తాలింపు పెట్టమాక. ఎండుమిరపకాయ ఘాటు రాకూడదు," అంది.

నేను బీఎస్సీ జువాలజీ చదువుకున్న దాన్ని. చేపలకు అమ్మవారేమిటని నాలుక చివరిదాకా వచ్చింది గానీ, ఆవిడ ముఖం చూసి మింగేశాను. ఆ పూట పప్పు పోపు లేకుండానే దించాను. షిఫ్టు దిగొచ్చిన మా ఆయన ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, పోపేదీ అన్నారు. చేపలకు అమ్మవారు పోసిందని చెప్పాను. ఆయన పకపకా నవ్వారు. అత్తగారు నవ్వలేదు. కంచం పక్కకు జరిపి లేచి వెళ్ళి ఆ తొట్టి ముందు కూర్చుంది. అప్పుడు మా ఇద్దరికీ అర్థమైంది, ఇది నవ్వే సంగతి కాదని. ఎందుకు కాదో మాత్రం తెలియలేదు.

మా ఊళ్ళో అప్పట్లో చేపలకు మందిచ్చే దిక్కు లేదు. గుంటూరులో మా ఆయనకు ఆ జత ఇచ్చిన షాపతనికి ఫోన్ చేయిస్తే, అవన్నీ పారేసి తొట్టి కడుక్కోండి, కొత్తవి ఇస్తానన్నాడు. ఆ మాట అత్తగారి చెవిన పడనివ్వలేదు. నాకు గుంటూరులో మా కాలేజీ జువాలజీ మేడం గుర్తొచ్చారు. మర్నాడు పొద్దున జబ్బు ముదిరిన ఏంజెల్ చేపను వెడల్పు మూతి సీసాలో వేసుకుని, మూతకు చిల్లులు పెట్టి, సీసా ఒళ్ళో పెట్టుకుని గుంటూరు బస్సెక్కాను. పక్క సీట్లో పెద్దావిడ చాలాసేపు సీసాను చూసి, ఉబ్బసానికి మింగటానికా అమ్మా అని అడిగింది. కాదండీ, దీనికే ఒంట్లో బాగాలేదు, చూపించటానికి తీసుకెళుతున్నానన్నాను. ఆవిడ కొంగు సర్దుకుని కిటికీ వైపు జరిగింది.

మేడం నన్ను గుర్తుపట్టారు. చేపను చూడగానే ఆవిడకు విషయం తెలిసిపోయింది గానీ, నా కోసం ల్యాబులోకి తీసుకెళ్ళి, రెక్క మీద తడి మెల్లగా గీకి అద్దంపలక మీద పెట్టి, మైక్రోస్కోపులో చూడమన్నారు. గుండ్రటి జీవి ఒకటి, ఒళ్ళంతా సన్నటి నూగుతో, నెమ్మదిగా తన చుట్టూ తాను దొర్లుతోంది. దాని మధ్యలో గుర్రపు లాడం ఆకారంలో నల్లటి వంపు. నేను చదువుకున్న రోజుల్లో పాఠంలో బొమ్మ గీసి మార్కులు తెచ్చుకున్నదే, ప్రాణంతో చూడటం అదే మొదలు.

"చుక్కలా కనపడేది ఆ పురుగేనమ్మా. చేప చర్మం కింద దాక్కుని ఉంటుంది. అక్కడున్నంతసేపూ ఏ మందూ దానికి తగలదు," అన్నారు మేడం. బాగా బలిశాక అది తనంతట తానే రాలి తొట్టి అడుగుకు పోతుందనీ, అక్కడ ఒకటి వందలుగా చీలి మళ్ళీ చేపలను వెతుక్కుంటూ ఈదుకొస్తుందనీ, ఆ ఈదుకొచ్చే కాస్త సమయంలోనే మందు దాన్ని చంపగలదనీ చెప్పారు. నీళ్ళు వెచ్చగా ఉంటే పురుగు త్వరగా పండి త్వరగా రాలుతుంది, చల్లగా ఉంటే రోజుల తరబడి చేపను పట్టుకుని ఉంటుంది. కాబట్టి నీళ్ళు మెల్లమెల్లగా వెచ్చజేయాలి, రాళ్ళ ఉప్పు కరిగించి కొద్దికొద్దిగా పోయాలి, నీలం మందు వేయాలి, అడుగునున్న మురికిని గొట్టంతో లాగేస్తూ అదే వెచ్చదనం ఉన్న నీళ్ళు పోస్తుండాలి. "చుక్కలు పోగానే తగ్గిందని ఆపేస్తారు అందరూ. అక్కడే మోసపోతారు. చుక్కలు పోయాయంటే పురుగు అడుగుకు చేరిందని. అప్పుడే అసలు మందు వెయ్యాలి," అని రెండుసార్లు చెప్పి, ల్యాబులోని ఉష్ణమాపకం ఒకటి, నీలం మందు చిన్న సీసా ఒకటి నా చేతిలో పెట్టారు. తిరుగు బస్సులో, యడ్లపాడు దాటకముందే, సీసాలోని చేప వెల్లకిలా తేలిపోయింది.

ఇంటికొచ్చి ఉత్సాహంగా అంతా చెప్పాను. అత్తగారు ఉప్పు అంటే ఊరుకుంది, మందు అంటే ఊరుకుంది. నీళ్ళు వెచ్చజేయాలి అనేసరికి లేచి నిలబడింది.

"అమ్మవారు పోసినప్పుడు ఎవరన్నా వేడి చేస్తారా? చలవ చెయ్యాలి గానీ. ఒళ్ళంతా మండిపోతా ఉంటే వేడినీళ్ళు పోస్తావా నువ్వు?"

"అమ్మవారు కాదత్తయ్యా, పురుగు. నేను కళ్ళారా చూశాను."

"నేనూ చూశాను అమ్మవార్ని," అందావిడ.  మా ఆయన ఇద్దరి మధ్యా నిలబడి, మీరిద్దరూ ఒక మాట మీదికి రండి, మిల్లు నుంచి బల్బు, వైరు నేను తెస్తానని చెప్పి డ్యూటీకి వెళ్ళిపోయారు.

మర్నాడు పొద్దున రెండో ఏంజెల్ చేపా, పెత్తందారూ నీళ్ళ మీద తేలి ఉన్నాయి. అత్తగారే చేతుల్తో తీసి, కరివేపాకు చెట్టు మొదట్లో గొయ్యి తీసి పూడ్చింది. చేతులు కడుక్కుని వచ్చి బల్ల మీద కూర్చుంది. నల్లపిల్ల నీటి పైకొచ్చి గాలి కోసం నోరు కొట్టుకుంటోంది. నాకు ఆవిడను ఒప్పించాలన్న పట్టుదల అప్పటికే పోయింది. ఆవిడ చూడకుండా నీళ్ళు వెచ్చజేసేయొచ్చు కూడా, కానీ ఆ తొట్టి ఆ ఇంట్లో ఆవిడకున్న ఒకే ఒక్క వస్తువు. పక్కన కూర్చుని, "మీరు వద్దంటే చెయ్యనత్తయ్యా. వీటిని సాకింది మీరు. మీరేమంటే అదే," అన్నాను.

ఆవిడ నా వైపు తిరిగి, ఏదో కొత్త మాట విన్నట్టు చూసింది.

"నన్నడుగుతున్నావా?"

"మిమ్మల్నేనండీ."

 వీధిలో రెండు లారీలు వెళ్ళాయి. తరవాత, "సరే చెయ్యి. వేపమండ మాత్రం తియ్యమాక," అంది.

మా ఆయన తొట్టి మూతకు లోపలివైపున నీటికి తగలకుండా బల్బు అమర్చారు. అది చాలకపోగా కరెంటు పోయినప్పుడల్లా నీళ్ళు చల్లబడిపోయేవి. మా ఊరి కరెంటు సంగతి ఆ రోజుల్లో చెప్పేదేముంది. పక్కింట్లో ఉండే ముస్లిం ఆవిడ భర్తకు బస్టాండు దగ్గర సోడా షాపు ఉండేది. మా తిప్పలు గోడ మీదుగా చూసి ఆవిడ ఖాళీ షర్బతు సీసాలు ఒక బుట్టెడు కడిగి తెచ్చింది. వాటిలో వేడినీళ్ళు నింపి మూత బిగించి తొట్టిలో తేలేయడం, చల్లారినవి తీసి మళ్ళీ నింపడం, ఇదే పని. చలి ఎక్కువగా ఉండే తెల్లవారుజామున అత్తగారే లేచి పొయ్యి రాజేసేది. పల్లెలో లేచే వేళకే లేచేది, ఇప్పుడు లేవడానికి ఆవిడకొక పని దొరికింది. నేను లేచి వసారాలోకి వచ్చేసరికి, నీలిరంగు నీళ్ళలో సీసాలు ఊగుతుంటే, మోచేయి ముంచి వెచ్చదనం చూసుకుంటూ కనిపించేది, పసిపిల్లల నీళ్ళు చూసినట్టు. నేను ఉష్ణమాపకం పెట్టి చూసి, కాస్త ఎక్కువైందనో తక్కువైందనో చెబితే సర్దేది. కరెంటు పోయి తొట్టిలో గాలి పంపు ఆగినప్పుడు చెంబుతో నీళ్ళు పైకెత్తి సన్నటి ధారగా పోస్తూ బుడగలు పుట్టించేవాళ్ళం. నీలం మందు మరకలు మా వేళ్ళకూ, నా చీర కుచ్చిళ్ళకూ, ఆవిడ తెల్లకోక అంచుకూ పట్టాయి. కొన్ని ఈనాటికీ వదల్లేదు.

అలాంటి ఒక పొద్దున, సీసా మూత బిగిస్తూ, ఆవిడే మొదలుపెట్టింది. ముందు మాట ఏమీ లేకుండా, "నాకు ముందొక ఆడపిల్ల పుట్టింది," అంది.

మా ఆయనకన్నా చాలా ముందు పుట్టిన పిల్ల. బాగా మాటలు వచ్చి, తండ్రి వెంట చేలోకి వెళ్ళి పండు మిరపకాయలు ఒళ్ళో నింపుకొచ్చే వయసు. ఆ ఏడు ఊళ్ళో పెద్దమ్మవారు, అదే మశూచి, వచ్చింది. అప్పటికి కొన్నాళ్ళ ముందే టీకాలవాళ్ళు ఊరికొచ్చారట. ఇంట్లో పెద్దవాళ్ళు వద్దన్నారు, సూది పొడిస్తే అమ్మవారికి కోపమొస్తుందని తలుపులు వేశారు. ఇంకో వీధిలో కొందరు వేయించుకున్నారు. పిల్లకు జ్వరం వచ్చి, ఒళ్ళంతా పోసినప్పుడు, తల్లి పక్కన కూర్చుని వేపమండతో విసురుతూ ఉంది. చద్దన్నం పిసికి పెట్టింది. చలవ అన్నవన్నీ చేసింది. గుంటూరు పెద్దాసుపత్రికి తీసుకెళదామా అని మామగారు ఒకసారి అన్నారట, పెద్దవాళ్ళు అమ్మవార్ని ఇల్లు కదిలించకూడదన్నారు.

"అందరూ మాట్లాడుకున్నారు. మీ మామయ్య, ఆయన నాయన, మా అత్త, పెదబావ. నన్నెవరూ అడగలా. అడిగుంటే ఏం చెప్పేదాన్నో నాకూ తెలీదమ్మాయ్, చిన్నదాన్ని. కానీ ఎవరూ అడగలా. పిల్ల నా ఒళ్ళోనే ఉంది."

ఆ తరవాత ఆ పిల్ల పేరు ఇంట్లో ఎవరూ ఎత్తలేదట. బాధ పెరుగుతుందని. అలా ఎత్తకుండా ఎత్తకుండా, ఎత్తడమే తప్పన్నట్టు అయిపోయింది. ఆవిడ నాకు ఆ పేరు చెప్పింది. చెప్పి, చల్లారిన సీసా తీసి నా చేతికిచ్చి, "నింపుకురా," అంది. నేను వంటింట్లోకి వెళ్ళి, నీళ్ళు మరుగుతున్నా చాలాసేపు పొయ్యి దగ్గరే నిలబడిపోయాను.

ఆ రోజు మొదలు పొద్దున్నే ఆ పిల్ల ముచ్చట్లే. జడ వేయించుకోకుండా ఎలా పారిపోయేదో, ఎర్ర గాజులంటే ఎంత పిచ్చో, పత్తి కుప్ప మీదికెక్కి ఎలా దూకేదో. కొన్నిసార్లు నవ్వేది కూడా. వెనక గడపలో మా ఆయన పళ్ళు తోముకునే పుల్ల నోట్లో అలాగే పెట్టుకుని నిలబడి వినడం నేను చూశాను. తన కన్నా ముందు ఎవరో పుట్టి పోయారని ఆయనకు లీలగా తెలుసట, అక్క అనీ, ఆ అక్కకు ఒక పేరుందనీ అప్పుడే తెలిసింది. ఆయన వచ్చి తల్లి పక్కన కూర్చున్నారు.  చెంబు అందుకుని ధార పోయడం మొదలుపెట్టారు.

మేడం చెప్పినట్టే ఒక పొద్దున చేపల ఒంటి మీద ఒక్క చుక్క లేదు. నల్లపిల్ల నిగనిగలాడుతూ మేతకొచ్చింది. ఇప్పుడు అత్తగారు ఇక ఆపేద్దామంటుందేమో, మళ్ళీ మొదటికొస్తామేమో అనుకున్నాను. ఇప్పుడే అసలు మందు వెయ్యాలన్నారు అత్తయ్యా అని భయపడుతూనే చెప్పాను. ఆవిడ నావైపు వింతగా చూసింది.

"మరి వెయ్యవూ? అమ్మవారు దిగింతర్వాత కూడా మూడు నీళ్ళు పోస్తాంగా. మొదటి నీళ్ళు పోసి ఊరుకుంటామా ఎక్కడన్నా?"

మేడం మైక్రోస్కోపులో చూపించినదీ, అత్తగారు పల్లెలో నేర్చుకున్నదీ ఆ ఒక్క మాట దగ్గర కలిసి కూర్చున్నాయి. నేను వెళ్ళి బకెట్టు తెచ్చాను. అడుగు మురికి లాగి, వెచ్చటి నీళ్ళు పోసి, మందు వేసి, అలా ఇంకా కొన్నాళ్ళు చేశాం. ఆఖరిసారి నీళ్ళు మార్చిన రోజున ఆవిడ వేపమండలు తనే తీసి, అమ్మవారికి పెరుగన్నం చేసి పెట్టింది. పక్కింటావిడకు కూడా ఒక గిన్నె వెళ్ళింది. ఆ సాయంత్రం నన్ను పిలిచి, పప్పులో పోపు పెట్టుకోమని చెప్పింది. ఇంగువా, ఎండుమిరపకాయలూ, వెల్లుల్లీ చిటపటలాడుతుంటే ఇల్లు ఇల్లంతా దగ్గాం. అంత రుచిగా పప్పు నేను మళ్ళీ వండలేదు.

మూడు పోయాయి గానీ మిగతావన్నీ దక్కాయి. ఎండలు ముదిరే వేళకు నల్లపిల్ల పొట్ట బిగుసుకొచ్చింది. జబ్బు మళ్ళీ వచ్చిందేమోనని నేను కంగారుపడితే, అత్తగారు ఓరకంట చూసి, ఇది జబ్బు కాదమ్మాయ్, కడుపుతో ఉంది అంది. మోలీలు గుడ్లు పెట్టవు, పిల్లలనే కంటాయని నేను చెబితే నమ్మలేదు. ఒక మధ్యాహ్నం ఆవులిస్తూ తొట్టి వైపు చూసిన మనిషి, "అమ్మాయ్, రావే, రావే," అని కేకపెట్టింది. ఆవాలకు తోకలు మొలిచినట్టు పిల్లలు, ఒకటొకటే జారి, నీళ్ళలో మెలికలు తిరుగుతూ పైకి వస్తున్నాయి. మిగతా చేపలు తినేయకుండా ఇద్దరం జల్లెడతో పట్టి వేరే బేసినులో వేశాం. ఆ రోజు ఆవిడ ముఖం ఎలా ఉందో చెప్పడానికి నాకు మాటలు చాలవు.

పిల్లలు పెరిగాక తొట్టి చాల్లేదు. మొదటి జత పక్కింటి సోడా షాపులో గాజు జాడీలోకి వెళ్ళింది. తరవాత ఎదురింటి టైలరుగారింటికి, వీధి మొదట్లో పిండిమర వాళ్ళకు. ఎవరింటికి ఇచ్చినా ఆవిడే స్వయంగా పట్టుకెళ్ళి, కూర్చుని, ఎంత మేత వెయ్యాలో, ఎండ ఎక్కడ తగలకూడదో చెప్పి, "ఇంట్లో చేపలుంటే వెంటనే కలపబాకండి, కొన్నాళ్ళు పక్కనబెట్టి చూడండి," అని మరీ మరీ హెచ్చరించి వచ్చేది. మధ్యమధ్య వెళ్ళి చూసొచ్చేది. అలా ఏడాది తిరక్కముందే వీధిలో ఆవిడకు తెలియని గడప లేదు. నేను కూరగాయలకు వెళితే, మీ అత్తగారు కులాసానా అని అడిగేవాళ్ళు. నన్నెవరూ అడిగేవాళ్ళు కాదు. మా అమ్మాయి పుట్టినప్పుడు ఏం పేరు పెడదామని మేం ఆలోచించే అవసరమే రాలేదు. మా ఆయనే వెళ్ళి తల్లిని అడిగారు, అక్క పేరు పెట్టుకోమంటావా అమ్మా అని. ఆవిడ తలూపింది. ఆ పేరుతో మనవరాలిని చివరి దాకా రోజూ గొంతెత్తి, వీధి చివరికి వినపడేలా పిలుచుకుంది.

ఇప్పుడు ఎంత మారిపోయింది. నీళ్ళు ఎంత చల్లబడితే అంత వెచ్చజేసి వాటంతట అవే ఆగిపోయే యంత్రాలు వచ్చాయి, చేప ఫొటో తీసి పెడితే జబ్బు పేరు ఫోనే చెబుతుంది, మందు మర్నాటికి గుమ్మంలో ఉంటుంది. మంచిదే, వద్దనను. టీకా వేయించని ఇల్లు ఇవాళ మా వైపు వెతికినా దొరకదు, పెద్దమ్మవారి పేరు మా అమ్మాయి తరానికి తెలియనే తెలియదు. దాని కంటే సంతోషం ఏముంటుంది. అయినా ఒక్కో తెల్లవారుజామున మెలకువ వచ్చి పడుకుని ఉన్నప్పుడు అనిపిస్తుంది. ఆ రోజుల్లో జబ్బు తగ్గడానికి చాలా రోజులు పట్టేది, అన్ని రోజులూ మనుషులు ఒకరి పక్కన ఒకరు కూర్చోవలసి వచ్చేది, చేతులు పనిలో ఉండగా నోటికి మాటలు వాటంతటవే వచ్చేవి. ఆ చలికాలంలో మా మందు ఒక్క పూటలో పనిచేసి ఉంటే, నాకొక ఆడపడుచు ఉండేదన్న సంగతే నాకు తెలిసేది కాదు.